రెడ్డిగూడెం సభ్యురాలు

రెడ్డిగూడెం,
14 నవంబరు 1988.

చిరంజీవి జగన్మోహనరావుకి,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నువ్వు ఉత్తరం రాసి రెండు నెలలు దాటింది. మద్రాసులో ఏసీ గదిలో కంప్యూటర్ల మధ్య కూర్చునేవాడికి అక్క గుర్తుండాలంటే ఆ అక్క కూడా కరెంటుతో నడవాలి కాబోలు.

ఇక్కడి సంగతులు. మావయ్య గారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పటినుంచీ మామిడితోట నా చేతుల్లోనే ఉందని నీకు తెలుసు. మీ బావగారికి రైసుమిల్లు తప్ప చెట్టూ చేమా పట్టవు. నిరుడు కాపు బాగా వచ్చింది కాబట్టి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. మొన్న దసరా వెళ్ళాక మావయ్య గారు నన్ను పిలిచి అందరి ముందూ అన్నారు. "అమ్మాయ్, ఒక్క కాపు చూసి మురిసిపోకూడదు. ఈ ఏడు కూడా చేసి చూపించు, తోట నీదే. దెబ్బతింటే మాత్రం మైలవరం వ్యాపారికి ఐదేళ్ళకి గుత్తకిచ్చేస్తాను. తర్వాత నువ్వు ఏడ్చినా వినను." ఆయన సంగతి నీకు తెలుసు. చెప్పాక మళ్ళీ మాట మార్చరు.

నిరుడు నన్ను గట్టెక్కించింది కంప్యూటర్ల మీద ఉత్తరాలు నడిపే మీ లిస్టే. నేను తెలుగులో రాసింది నువ్వు ఇంగ్లీషు చేసి మిషనులో కొట్టడం, బెంగుళూరులో పురుగుల మీద పరిశోధన చేసే ఆరోగ్యం గారు అది చదవడం, పూత ఇంకా మొగ్గ మీద ఉండగానే తేనెమంచు పురుగుకి మందు కొట్టించమని చెప్పడం, ఇవన్నీ తల్చుకుంటే నాకిప్పటికీ విచిత్రంగానే ఉంటుంది. పక్కతోట పరదేశికి నాలుగెకరాలే. అతను నన్ను చూసి తనూ కొట్టించాడు, బాగుపడ్డాడు. ఇప్పుడు గేటు దగ్గర కనిపిస్తే చాలు, "ఈ ఏడు మీ మేడమ్ గారు ఏమన్నారండీ" అని అడుగుతున్నాడు. అతనొక్కడే కాదు, వాగు దాకా ఉన్న తోటలవాళ్ళంతా అడుగుతున్నారు. పెళ్ళయి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, ఈ ఊళ్ళో నన్ను ఒక సంగతి అడిగినవాళ్ళు లేరు. అడిగించుకోవడం బాగానే ఉంటుందిరా, అబద్ధమెందుకు.

కాబట్టి లిస్టులో వెయ్యి. ఈ ఏడు వానలు వెనక్కి జరిగాయి. బంగినపల్లి చెట్లకి కొత్త చిగురు ఆలస్యంగా వచ్చింది. రసాల చెట్లు కొన్ని అప్పుడే ముదురాకు మీదున్నాయి. పూత రెండు విడతలుగా వస్తుందేమోనని నా అనుమానం. ఆరోగ్యం గారిని ఏమంటారో అడుగు.

మీ అక్క,
ప్రమీలారాణి


మద్రాసు,
26 నవంబరు 1988.

అక్కయ్యకి,

తిట్లు అందాయి. తిట్లు కాక మిగిలిన సగం ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి లిస్టుకి పంపాను.

నువ్వు ప్రతిసారీ అడుగుతావు, ఒక్క ఉత్తరం అందరికీ ఎలా వెళ్తుందని. ఇదిగో, ఈసారి దాచిపెట్టుకో. మా కంప్యూటర్‌లో ఒక పేరు పెట్టి, దాని కింద నలభైమంది అడ్రసులు రాసిపెట్టాం. అందరూ మొక్కల మీదో పురుగుల మీదో పనిచేసేవాళ్ళు. ఎవరైనా ఆ పేరుకి ఉత్తరం కొడితే మా మిషను నలభై నకళ్ళు తీసి టెలిఫోన్ లైను మీద నలభైమందికీ పంపుతుంది. వాళ్ళలో ఎవరు జవాబిచ్చినా అదీ అంతే. దాన్ని చూసుకునే బాధ్యత నాది. జీతంలో లేని పని, కానీ మా సెంటర్లో నాకు ఇష్టమైన పని అదొక్కటే.

నలభైమందిలో కంప్యూటర్ లేని సభ్యురాలివి నువ్వొక్కదానివే. నీ ఉత్తరం కింద "రెడ్డిగూడెం నుంచి ప్రమీలారాణి, టైపు చేసినది తమ్ముడు" అని కొడతాను. ఆరోగ్యం గారు ఈసారి ఏమన్నారో విను. "నాకు పొద్దున్నే వచ్చేవాటిలో ముందు చదివేది రెడ్డిగూడెం ఉత్తరమే. మనందరం పురుగు గురించి రాస్తాం, ఆవిడ చెట్టు గురించి రాస్తుంది" అన్నారు. పూత రెండు విడతలుగా రావచ్చని ఆవిడకీ అనిపించిందట. ఏ చెట్టుకి ఎప్పుడు మొగ్గ కనిపిస్తే అప్పుడు రాయమన్నారు. ఆవిడది గుంటూరే, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు మీరు, ఎప్పుడైనా కలిస్తే.

బావగారికి, మావయ్య గారికి నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు,
జగన్


రెడ్డిగూడెం,
19 డిసెంబరు 1988.

జగన్‌కి,

రసాలకి మొగ్గ వచ్చింది. బంగినపల్లికి ఇంకా లేదు. రసాల వరకూ మందు కొట్టించాను, నిరుడు చెప్పినట్టే. ఇది లిస్టులో వెయ్యి.

ఆరోగ్యం గారు అన్నమాట మీ బావగారికి చదివి వినిపించాను. "అయితే ఇక మనకి వండిపెట్టేవాళ్ళు లేరన్నమాట" అన్నారు. మొహం మాత్రం వెలిగింది. మావయ్య గారు విననట్టు కళ్ళు మూసుకుని పడుకున్నారు. అలాగే పడుకుని, "గుంటూరులో ఎవరి తాలూకో కనుక్కో" అన్నారు.

అక్క


మద్రాసు,
9 జనవరి 1989.

అక్కయ్యకి,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ మా ఇల్లు కాలిపోయినంత పనయింది, అందుకని తిట్టకు.

కొత్త సంవత్సరానికి రెండురోజుల ముందు లిస్టులో ఒక శుభాకాంక్ష వచ్చింది. మాకు బాగా తెలిసిన పెద్దాయన పేరు మీద వచ్చింది. దీపం చూడాలంటే ఫలానా మాట టైపు చెయ్యండి అని ఉంది. టైపు చేస్తే తెర మీద చుక్కలతో దీపం బొమ్మ వస్తుంది. ముచ్చటగానే ఉంది. అయితే మనం దీపం చూస్తుండగా అది లోపల్లోపల మన అడ్రసుల పుస్తకం తెరిచి, అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ తన నకలు తనే పంపేసుకుంటుంది, మన పేరు మీద. దీన్ని వైరస్ అంటున్నారు. జ్వరం వచ్చినవాడు దగ్గితే పదిమందికి అంటుకున్నట్టు.

ఇక లిస్టు సంగతి ఊహించుకో. నలభైమంది పుస్తకాల్లోనూ లిస్టు అడ్రసు ఉంటుంది. ఒకరు దీపం వెలిగిస్తే నలభైమందికి. వాళ్ళలో సగంమంది వెలిగిస్తే ఒక్కొక్కరూ మళ్ళీ నలభైమందికి. టెలిఫోన్ లైను ఒక పూటంతా దీపాలతోనే నిండిపోయింది. డిస్కులో చోటు లేక ఒకాయన రాసుకున్న థీసిస్ చెరిగిపోయింది. చదువుకున్నవాళ్ళు, సైంటిస్టులు, తెలిసిన పేరు కనిపిస్తే ఒక్కరూ ఆగలేదు. నేనూ ఆగలేదు. మొదటిరోజు నేనూ వెలిగించాను.

డైరెక్టర్ గారు లిస్టు మూసెయ్యమన్నారు. కాళ్ళావేళ్ళా పడి కమిటీ వేయించాను. కొత్త రూల్సు పెట్టి నడుపుకోమన్నారు. ఏ ఉత్తరంలోనూ ప్రోగ్రాం ఉండకూడదు. ప్రతిదీ నేను చదివాకే బయటికి వెళ్ళాలి. ఇంకా ఒకటి రెండున్నాయి, అవి మా లోపలి సంగతులు, నీకు బోరు. రూల్సు రాసిందీ నేనే, కాపలా కాసేదీ నేనే. ఇకమీదట ఒక్క దీపం లోపలికి రానివ్వను.

తోట ఎలా ఉంది?

జగన్


రెడ్డిగూడెం,
20 జనవరి 1989.

జగన్‌కి,

నీ దీపాల కథ చదివి మా అత్తగారు గుర్తొచ్చారు. పొద్దుగూకాక ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఆవిడ మొదటి పిలుపుకి పలకనిచ్చేవారు కాదు. తల్లి గొంతులా ఉన్నా సరే, మూడోసారి పిలిస్తేనే పలకాలి అనేవారు. తెలిసిన గొంతు పెట్టుకుని పిలిచే పాడు దయ్యాలు ఒక్కసారే పిలుస్తాయట. మేం నవ్వేవాళ్ళం. మీ సైంటిస్టులకి ఆవిడ్ని పంపి ఉండాల్సింది.

సరే, అసలు సంగతికొస్తాను. ఇది వెంటనే లిస్టులో పెట్టు, ఒక్కరోజు కూడా ఆగొద్దు. బంగినపల్లికి పూత ఒక్కసారిగా విరుచుకుపడింది. నేను మొగ్గలో పట్టుకుందామనుకున్నాను, మూడురోజులు మబ్బేసింది, ఆ మూడురోజుల్లో విప్పేసింది. ఇప్పుడు తోటంతా పూర్తిగా విప్పిన పూతే. దాన్లో తేనెమంచు దిగింది. చెట్టు కింద నిలబడితే మొహం మీద జిగురు పడుతోంది, కొమ్మ కదిపితే పురుగు చిటపటమని ఎగురుతోంది. ఇలా వదిలేస్తే పూతంతా మాడి రాలిపోతుంది. మందు కొడితే ఏమవుతుందో తెలియదు. విప్పిన పూత మీద మందు కొట్టకూడదని మావయ్య గారు ఎప్పుడూ అంటుండేవారు, ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు. ఇప్పుడాయన్ని అడిగితే, "తోట నీదన్నాను గదా, నన్నడుగుతావేం" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

పరదేశి, మిగతావాళ్ళు నిన్న సాయంత్రం మా అరుగు మీదే కూర్చున్నారు. ఒక్కరు కొడితే పురుగు పక్కతోటలోకి పోతుంది కాబట్టి కొడితే అందరూ ఒకేరోజు కొట్టాలి. "మీరు ఊ అంటే కొడతామండీ, వద్దంటే మానేస్తాం" అన్నారు. బెంగుళూరు నుంచి మాట వచ్చేదాకా ఆగమన్నాను.

ఆరోగ్యం గారు ఏమంటే అదే చేస్తాను. ఉత్తరం కాదు, టెలిగ్రాం ఇవ్వు. నా తోట ఆవిడ మాట మీద ఉంది.

అక్క


టెలిగ్రాం
మద్రాసు, 27 జనవరి

వెంటనే మందు కొట్టించు. ఆలస్యం వద్దు. ఆరోగ్యం గారి మాట. ఉత్తరం వస్తోంది.
జగన్


మద్రాసు,
27 జనవరి 1989.

అక్కయ్యకి,

టెలిగ్రాం అంది ఉంటుంది. ఆరోగ్యం గారి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "పురుగు కనిపించిన వెంటనే మందు కొట్టించండి. ఆలస్యం చేసిన ప్రతిరోజూ నష్టమే. చుట్టుపక్కల తోటలన్నీ ఒకేసారి కొడితే మంచిది." అంతే.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. రోజూ వచ్చే ప్రతి ఉత్తరమూ చదవడంతోనే సరిపోతోంది. నువ్వు ధైర్యంగా ఉండు.

జగన్


రెడ్డిగూడెం,
10 ఫిబ్రవరి 1989.

జగన్‌కి,

అందరం ఒకేరోజు కొట్టించాం. మా తోట, పరదేశిది, వాగు దాకా మిగతావాళ్ళవి. పవర్ స్ప్రేయర్లు నూజివీడు నుంచి తెప్పించాం. అన్ని తోటలు ఒక్క మాట మీద నిలబడటం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదట. మీ బావగారు కూడా మిల్లు వదిలి వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

పురుగు పోయింది. జిగురు లేదు. అందరికీ సంతోషంగా ఉంది. ఆరోగ్యం గారు నిరుడు చెప్పినట్టే, దాదాపు అవే మాటలు చెప్పారు గదా, మాట మీద ఎంత నిలకడ ఆవిడకి అనుకున్నాను.

ఒక్కటే నాకు బోధపడటం లేదు. తోటలోకి వెళ్తే ఈగ కూడా లేదు. అంతకుముందు పూత కింద నిలబడితే మాట వినిపించేది కాదు, అంత రొద చేసేవి ఈగలు, తేనెటీగలు. చెట్ల కింద ఊడిస్తే చచ్చిన తేనెటీగలు చేటకెత్తాం. ఇది మామూలేనా? కొన్నాళ్ళకి తిరిగొస్తాయా? ఆరోగ్యం గారిని అడుగు. కంగారేమీ లేదు గానీ అడుగు.

అక్క


మద్రాసు,
18 ఫిబ్రవరి 1989.

అక్కయ్యకి,

ఆరోగ్యం గారు ఊళ్ళో లేరు. రాగానే అడుగుతాను. మందు కొట్టాక కొన్నాళ్ళు ఈగలు రాకపోవడం సహజమే అయ్యుంటుంది. వాటంతటవే వస్తాయి.

ఇక్కడ మాత్రం మంచిమాట. లిస్టు మళ్ళీ నిలబడింది. నెలన్నర అయింది, ఒక్క దీపం లోపలికి రాలేదు. మిగతా సెంటర్లవాళ్ళు మా రూల్సు తీసుకుని వాళ్ళ లిస్టుల్లో పెట్టుకున్నారు. డైరెక్టర్ గారు మీటింగులో నా పేరు చెప్పారు. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

పిందె పడిందా?

జగన్


రెడ్డిగూడెం,
27 ఫిబ్రవరి 1989.

జగన్‌కి,

నిన్న నాకొక కార్డు వచ్చింది. ఇంటి పేరు లేదు, తలుపు నంబరు లేదు, "ప్రమీలారాణి గారు, మామిడితోట, రెడ్డిగూడెం" అని మాత్రమే ఉంది. పోస్ట్‌మాన్ నవ్వుతూ తెచ్చిచ్చాడు. అందులో ఉన్నది రాస్తున్నాను.

"అమ్మా, నమస్కారం. డిసెంబరు తర్వాత మీ ఉత్తరం ఒక్కటీ లిస్టులో రాలేదు. ఇకమీదట సొంత మిషను లేనివాళ్ళ తరఫున ఎవరూ టైపు చేసి పంపకూడదని కొత్త రూలు వచ్చింది కదా, దానివల్ల ఆగి ఉంటారు. నాకది నచ్చలేదు, మీ తమ్ముడి ఇబ్బంది కూడా అర్థమైంది. మీ రసాల సంగతి తెలిసింది, బంగినపల్లి ఏమయిందోనని మనసు లాగుతోంది. మీకు తెలిసే ఉంటుంది గానీ ఒక్కమాట: పూత విప్పాక మాత్రం మందు కొట్టించకండి. ఈగలు, తేనెటీగలు చస్తే పిందె కట్టదు. మీ ఆరోగ్యం."

నిన్న పొద్దుటినుంచీ ఈ కార్డు నా కొంగుకి కట్టుకుని తిరుగుతున్నాను. రసాల చెట్లు ఉన్నవే కొన్ని; తోటకి ప్రాణమైన బంగినపల్లికి పిందె లేదు. పూత రాలలేదు, పిందె లేదు. పూలు ఎండిపోయి గుత్తుల ఉత్త పుల్లలు నిలబడ్డాయి. పరదేశి తోటలోనూ అంతే, వాగు దాకా అంతే.

జగన్, టెలిగ్రాంలో ఉన్న మాట ఎవరిది?

అక్క


మద్రాసు,
5 మార్చి 1989.

అక్కయ్యకి,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపి, మళ్ళీ మొదలుపెట్టాను. బాగా రాయాలని చూస్తే అబద్ధంలా వస్తోంది.

మాట ఆరోగ్యం గారిదే, కానీ నిరుటిది. నిరుడు మొగ్గ మీదున్నప్పుడు నీకిచ్చిన జవాబు నా దగ్గర దాచి ఉంది. అది తెరిచి అందులో రెండు వాక్యాలు తీసి టెలిగ్రాం ఇచ్చాను. నీ ఉత్తరంలో పూత విప్పిందని ఉంది. చదివాను. దానికీ దీనికీ అంత తేడా ఉంటుందని తట్టలేదు. పురుగు అదే, తోట అదే, అడిగిందీ అదే అనుకున్నాను.

రూలు గురించి. దీపం రెండోసారి లోపలికి వచ్చింది ఒక కుర్రాడి వల్ల. వాళ్ళ మేనమామ తరఫున ఏదో టైపు చేస్తూ దాన్ని కూడా పంపేశాడు. ఒక పేరు వెనక ఒక మనిషి, ఒక మిషను ఉండాలి, ఇంకొకరి తరఫున ఇంకొకరు వద్దు అని కమిటీలో అన్నాను. అన్నప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీ ఒక్కదాని కోసం సందు వదిలితే, రూలు రాసినవాడే అక్క కోసం తప్పాడంటారని ఊరుకున్నాను. తర్వాత నీకు చెబుదామనుకున్నాను. నువ్వు మావయ్య గారి మాట రాశావు, పరదేశి మాట రాశావు, నిన్ను అందరూ అడుగుతున్నారని రాశావు. నిన్ను తీసేశామని ఎలా రాయను? నాకు చేతకాలేదు.

ఆరోగ్యం గారు ఊళ్ళో లేరన్నది అబద్ధం. ఆవిడకి ట్రంక్ కాల్ చేసి అడగొచ్చు. కార్డు రాయొచ్చు. అప్పుడు కూడా తట్టింది. అడిగితే, మీ అక్కని తీసేసే రూలెందుకు పెట్టారని ఆవిడ అంటారు. అదీగాక ఆ వారమంతా వందల ఉత్తరాలు చదివి చదివి, ఇదీ నాకు తెలిసిందేలే అనిపించింది.

నిన్న డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళి నీకు మినహాయింపు అడిగాను. "లిస్టు ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది, మీ వల్లే, ఎందుకు కదుపుతారు" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మావయ్య గారికి నేను రాస్తాను, తప్పు నాదేనని. పరదేశికీ రాస్తాను. రమ్మంటే వస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు. నువ్వు తిట్టినా ఒక కార్డు రాయి.

జగన్


రెడ్డిగూడెం,
19 మార్చి 1989.

జగన్‌కి,

నీ ఉత్తరం వచ్చినరోజు నాకు ఒళ్ళంతా మండిపోయింది. పదిహేను పైసల కార్డు రా. నలభైమందికి కాపలా కాశావు, నాకొక కార్డు ముక్క రాయలేకపోయావు. నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో. ఇప్పుడు ఆ మంట కూడా లేదు, ఏదీ చెయ్యబుద్ధి కావడం లేదు. నా తప్పు నాకూ తెలుస్తోంది. విప్పిన పూత మీద కొట్టకూడదని నాకు తెలుసు. తెలిసి, ఆవిడ పేరు చూసి, తెలిసినదాన్ని పక్కన పెట్టేశాను.

మావయ్య గారికి నువ్వు రాయనక్కర్లేదు. నేనే చెప్పాను. అంతా విని, "నీ తమ్ముడేగా" అన్నారు. మర్నాడు మైలవరం వ్యాపారిని పిలిపించారు. ఐదేళ్ళు. ఎడంచేత్తో వేలిముద్ర వేశారు, మీ బావగారు సంతకం పెట్టారు. నన్ను కాఫీలు పట్టుకురమ్మన్నారు. పట్టుకెళ్ళి ఇచ్చాను. అడ్డం పడి ఏమైనా అనాలనుకున్నాను గానీ పుల్లలుగా నిలబడ్డ తోటని చూపించి ఏమనను?

తోట పోయింది, సరే. పోనిది ఒకటుంది, అది నీకు చెప్పాలి. పరదేశి ఇంటికి వెళ్ళి, ఆ మాట ఆరోగ్యం గారిది కాదు, పొరపాటు జరిగింది, ఇంకెప్పుడూ అలా కొట్టకండి అని చెప్పాను. అతను నన్ను కూర్చోబెట్టి, "మీరు మొహమాటపడకండమ్మా. మందు మంచిదే, పురుగంతా చచ్చింది. పిందె కట్టకపోవడం మబ్బు వల్ల. నిరుడు మీ మాటే గదా నన్ను నిలబెట్టింది" అన్నాడు. కార్డు చూపించాను. చదివించుకుని, "ఈవిడ వేరే ఎవరో అయ్యుంటుందండీ" అన్నాడు. మిగతావాళ్ళూ అంతే. నామీద జాలిపడుతున్నారు, ఇంట్లోవాళ్ళు తోట లాక్కుని నాచేత ఇలా చెప్పిస్తున్నారని.

అప్పుడే తెలిసింది, పరదేశి వాళ్ళ వియ్యాలవారిది చాట్రాయి. అటు పూత ఈ ఏడు బాగా వెనకబడి మొన్ననే విప్పింది. అతను అక్కడికి కబురు పంపాడు. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. దానికి "ప్రమీలారాణి గారి మందు" అని పేరు కూడా పెట్టారట. బస్సెక్కి చాట్రాయి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి కొట్టేశారు. ఆ ఇంటావిడ నా పేరు విని లోపలికి తీసుకెళ్ళి, బొట్టుపెట్టి, మజ్జిగ ఇచ్చింది. వచ్చే ఏడు కబురు ముందు మాకే పంపండి అంది. నేను చెప్పిందంతా తలూపుతూ వింది. మళ్ళీ గుమ్మం దాకా వచ్చి అదే అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు రైతులు. ఒకాయన రెండో ఆయనకి చెబుతున్నాడు. పూత పూర్తిగా విప్పేదాకా ఆగాలంట, అప్పుడు అన్ని తోటలూ ఒక్కరోజే కొట్టాలంట, బెంగుళూరు మేడమ్ చెబితే రెడ్డిగూడెం ప్రమీలారాణి గారు కొట్టించారంట. విప్పేదాకా ఆగాలని ఎవరూ అనలేదు. ఎక్కడో దారిలో అదీ కలిసింది.

నేను ముందుకి వంగి చెప్పాను. "అది తప్పండీ. అలా కొడితే పిందె కట్టదు. మా తోటే పోయింది. నేనే ప్రమీలారాణిని."

ఆయన వెనక్కి తిరిగి నన్ను పైనించి కింది దాకా చూశాడు. పొద్దుటినుంచీ తిరిగి ఉన్నాను, చీరంతా దుమ్ము, ఒళ్ళో సంచి. చిన్నగా నవ్వాడు. "మీరు పెద్దవారు, ఏమీ అనకూడదు. ఆవిడ పేరు చెప్పుకుని కొందరు తిరుగుతున్నారని మాకు ముందే చెప్పార్లెండి. మా కాపు చెడగొట్టడానికి ఏ వ్యాపారి పంపాడమ్మా మిమ్మల్ని? ఆవిడ ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదంట" అన్నాడు.

ఆవిడ మీకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. పక్కాయన కూడా తెలియదన్నాడు. తర్వాత నా స్టేజీ వచ్చేదాకా వాళ్ళిద్దరూ నాకు వినపడకుండా గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

అక్క